డిటెక్టివ్ ఎవరి మాట వింటాడు?

స్త్రీల హక్కుల పత్రికలో డిటెక్టివ్ సీరియళ్ళ మీద సంపాదకీయమా అని కొందరు మిత్రులు నొసలు ముడవవచ్చు. పోలీసు స్టేషన్లలో కేసులు నమోదు కాక, కోర్టుల్లో వాయిదాలు తెగక మనం సతమతమవుతుంటే ఇంతకన్నా ముఖ్యమైన విషయమే దొరకలేదా అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కానీ నేరమంటే ఏమిటి, సాక్ష్యమంటే ఏమిటి, ఎవర్ని నమ్మాలి, ఎవర్ని అనుమానించాలి అన్న విషయాల్లో జనం మనసులో స్థిరపడిన అభిప్రాయాలు చట్టపుస్తకాలు చదివి ఏర్పడినవి కావు. కథల్లోంచి, సినిమాల్లోంచి, టీవీలోంచి వచ్చినవే ఎక్కువ. ఒక ఇంట్లో కోడలు కాలిపోయి చనిపోయినప్పుడు పంచనామా రాసే ఎస్సై, దాని మీద సంతకం పెట్టే ఇరుగుపొరుగు, తీర్పు చెప్పే న్యాయమూర్తి, అందరూ ఆ కథల మధ్య పెరిగిన వాళ్ళే. అందుకే ఆ కథలు ఎట్లా మారుతున్నాయో పట్టించుకోవలసిన అవసరం మనకుంది.

ఈ మార్పును చూడడానికి అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలు అనువైన చోటు. శ్రీ సారథీ స్టూడియోస్ ఇక్కడే ఉంది. సీరియళ్ళలో, సినిమాల్లో పనిచేసే వాళ్ళలో చాలామంది ఆ చుట్టుపక్కల యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీల్లోనే ఉంటారు. అదే ప్రాంతంలో జిల్లాల నుంచి కోచింగ్ కోసం, ఉద్యోగాల కోసం వచ్చిన అమ్మాయిలు ఒక్కో గదిలో నలుగురైదుగురు చొప్పున సర్దుకుని బతికే హాస్టళ్ళు వందల్లో ఉన్నాయి. రాత్రి అన్నాలయ్యాక ఫోన్లో చూసేవాటిలో నేర పరిశోధన కథలకు మంచి గిరాకీ ఉంది. కథ తయారయ్యే చోటుకీ దాన్ని చూసే చోటుకీ మధ్య ఆటో దూరం కూడా లేదు. ఇదే ప్రాంతంలో నిజం డిటెక్టివ్ ఏజెన్సీల బోర్డులు కూడా కనిపిస్తాయి. వాటి దగ్గరకు తర్వాత వద్దాం.

డిటెక్టివ్ కథ మనకు కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ని మన ముందు తరం వాళ్ళు అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని చదివారు. వంట గదిలో, పెద్దవాళ్ళ కంటబడకుండా చదివిన ఆడవాళ్ళు తక్కువేం కాదు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల 'చంటబ్బాయ్' 1986లో జంధ్యాల చేతిలో సినిమా అయింది. దూరదర్శన్‌లో 1985లో 'కరమ్‌చంద్' వచ్చింది. అందులో డిటెక్టివ్‌కు కిట్టీ అనే సహాయకురాలు ఉండేది. ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఆయన ఆమె నోరు మూయించడం, దేశమంతా నవ్వుకోవడం. 1993లో బాసు చటర్జీ, శరదిందు బందోపాధ్యాయ బెంగాలీ కథల్ని 'బ్యోమ్‌కేశ్ బక్షీ'గా తెరకెక్కించాడు. హింస తక్కువగా, ఆలోచన ఎక్కువగా సాగిన ఆ సీరియల్ మీద ఇప్పటికీ చాలామందికి అభిమానం ఉంది. ఇప్పుడు ఓటీటీల కాలం. మల్లాది నవల 'తొమ్మిది గంటలు' 2022లో వెబ్ సిరీస్ అయింది. అదే ఏడాది ఒక బీబీసీ సిరీస్ తెలుగులో 'గాలివాన'గా వచ్చింది. 1970ల కాలాన్ని నేపథ్యంగా తీసుకుని 2024లో 'వికటకవి' వచ్చింది. అగాథా క్రిస్టీ 1931లో రాసిన 'ది సిట్టాఫర్డ్ మిస్టరీ'ని విశాల్ భరద్వాజ్ 2023లో హిందీలో 'చార్లీ చోప్రా'గా తీశాడు. పాత డిటెక్టివ్ కథ మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది.

పాత కథలన్నీ గొప్పవని, కొత్తవన్నీ చెడ్డవని మేం అనడం లేదు. పాత కథల్లో తెల్లవాళ్ళ దురహంకారం ఉంది, వర్గాహంకారం ఉంది, స్త్రీల పట్ల చిన్నచూపూ ఉంది. అయినా వాటిలో మనకు పనికొచ్చే రెండు విషయాలున్నాయి. తెరకెక్కించేటప్పుడు సరిగ్గా ఆ రెండే జారిపోతున్నాయన్నది మా ఫిర్యాదు.

మొదటిది, నేరానికి కారణం. ఆర్థర్ కానన్ డాయిల్ 1891, 1892ల్లో రాసిన తొలి షెర్లాక్ హోమ్స్ కథల్ని ఈ దృష్టితో ఒకసారి చూడండి. 'ది స్పెకిల్డ్ బ్యాండ్'లో ఒక యువతి భయంతో వణుకుతూ హోమ్స్ దగ్గరకు వస్తుంది. ఆమె కవల సోదరి సరిగ్గా పెళ్ళికి ముందు చనిపోయింది. ఇప్పుడు తన పెళ్ళి దగ్గరపడింది. తల్లి వదిలివెళ్ళిన ఆస్తి మీద వచ్చే ఆదాయంలో, పెళ్ళయితే కూతుళ్ళకు వాటా ఇవ్వాలి. సవతి తండ్రికి అది ఇష్టం లేదు. 'ఎ కేస్ ఆఫ్ ఐడెంటిటీ'లో టైపిస్టుగా పనిచేసే అమ్మాయికి వచ్చే వార్షికాదాయం చేజారకుండా సవతి తండ్రే మారువేషం వేసుకుని ఆమెను ప్రేమిస్తున్నట్టు నటిస్తాడు. తల్లి కూడా అందుకు సహకరిస్తుంది. 'ది కాపర్ బీచెస్'లో కూతురి ఆస్తి కోసం తండ్రి ఆమెను గదిలో పెట్టి తాళం వేస్తాడు. మూడు కథల్లోనూ నేరం జరిగింది ఇంట్లోనే. చేసింది ఇంటి పెద్దే. కారణం ఆడపిల్లకు రావలసిన డబ్బు. ఇంగ్లండులో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1882లో వచ్చిందని గుర్తుంచుకుంటే, ఈ కథలు ఏ ఆందోళనలోంచి పుట్టాయో అర్థమవుతుంది. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు మన ఇళ్ళలో లేచిన గొడవలు తెలిసిన వాళ్ళకు ఈ కథలు పరాయివిగా తోచవు.

ఇప్పటి తెర మీద ఈ కారణం దాదాపు మాయమైంది. దాని స్థానంలో ఒక ఉన్మాది వచ్చాడు. చిన్నప్పుడు ఏదో జరిగి మతి చెడినవాడు, వరుసగా ఆడవాళ్ళను చంపుతూ పోతాడు. బీబీసీ 2010 నుంచి 2017 దాకా తీసిన 'షెర్లాక్'లో కూడా కథంతా హోమ్స్‌కీ మోరియార్టీకీ మధ్య, ఇద్దరు మహా మేధావుల పోటీగా మారిపోయింది. తెలుగులో వచ్చే క్రైమ్ థ్రిల్లర్లలో సైకో కిల్లర్ ఒక మామూలు పాత్ర అయిపోయాడు. శవం ఎప్పుడూ అందంగా, సగం బట్టలతో ఉంటుంది. కెమెరా దాని మీద తీరిగ్గా పాకుతుంది.

మరి వాస్తవం ఏమిటి? ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద భర్తల, సహచరుల, కుటుంబ సభ్యుల చేతుల్లో చనిపోయిన స్త్రీలు, బాలికలు సుమారు 51,100 మంది. అంటే రోజుకు 140 మంది. మన దేశంలో 2022లో నమోదైన వరకట్న మరణాలే ఆరు వేలకు పైన. వీళ్ళను చంపింది చీకట్లో తిరిగే ఉన్మాదులు కాదు. పెళ్ళి ఫోటోలో పక్కన నిలబడ్డ వాళ్ళు. ఉన్మాది కథ మనకు భయాన్నిస్తుంది, కానీ తప్పుడు దిక్కు చూపిస్తుంది. వీధిని చూసి భయపడమంటుంది, ఇంటిని నమ్మమంటుంది. ఆ భయంతోనే హాస్టల్ గేటుకు రాత్రి ఎనిమిదింటికి తాళం పడుతుంది. ఆ నమ్మకంతోనే దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన కూతుర్ని మళ్ళీ అత్తింటికి పంపిస్తారు.

రెండోది, సాక్ష్యం. డిటెక్టివ్ కథలో అసలు గుణం, ఎంత పెద్దమనిషి చెప్పినా ఊరికే నమ్మకపోవడం, ఎంత చిన్న మనిషి చెప్పినా తీసిపారేయకపోవడం. పనిమనిషి ఆ రోజు ఏం చూసింది, కిటికీ గడియ ఏ వైపు ఉంది, మంచం నేలకు ఎందుకు బిగించి ఉంది అని అడగడమే దాని పద్ధతి. క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. 1930లో వచ్చిన 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్' ఆమె తొలి నవల. పెళ్ళి చేసుకోని ముసలావిడ. అల్లుకుంటూ, తోటపని చేసుకుంటూ, ఊళ్ళో ఎవరింట్లో ఏం జరుగుతోందో గమనిస్తుంటుంది. మగవాళ్ళు అమ్మలక్కల కబుర్లని కొట్టిపారేసే దాన్నే ఆమె జ్ఞానంగా మారుస్తుంది. పోలీసులు ఆలస్యంగానైనా ఆమె ముందు తల వంచుతారు.

1984 నుంచి 1992 వరకు బీబీసీలో జోన్ హిక్సన్ ఈ పాత్రను ఉన్నదున్నట్టు పోషించింది. 2004లో ఐటీవీ మొదలుపెట్టిన కొత్త సిరీస్‌లో మాత్రం ఆమెకు ఒక గతం తగిలించారు. యవ్వనంలో ఒక పెళ్ళయిన సైనికుణ్ణి ప్రేమించిందట, అతను యుద్ధంలో చనిపోయాడట. ఒక స్త్రీ తన ఇష్టంతో ఒంటరిగా, తెలివిగా, సంతోషంగా ఉండగలదని తీసేవాళ్ళకు నమ్మకం కలగలేదన్నమాట. ఐరీన్ ఆడ్లర్‌కు జరిగింది ఇంకా అన్యాయం. 1891 నాటి కథలో ఆమె ఒక గాయని. తనను మోసం చేసిన రాజు నుంచీ, అతని తరఫున వచ్చిన హోమ్స్ నుంచీ తన తెలివితో తప్పించుకుని, తన ఫోటో తన దగ్గరే ఉంచుకుని, తనకు నచ్చిన వాడితో వెళ్ళిపోతుంది. హోమ్స్ ఓడిపోతాడు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత, 2012లో ప్రసారమైన బీబీసీ భాగంలో ఆమె హోమ్స్ మీద ప్రేమ వల్ల ఓడిపోతుంది. చివరికి ఆమె తల నరకబోతుంటే హోమ్సే వచ్చి కాపాడతాడు. విక్టోరియా రాణి కాలంలో గెలిచిన స్త్రీ ఇరవై ఒకటో శతాబ్దంలో ఓడిపోయింది. ఆధునికత దానంతటదే అభ్యుదయం కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

వేరే దారులూ లేకపోలేదు. అమెరికాలో 2012 నుంచి 2019 దాకా సాగిన 'ఎలిమెంటరీ'లో వాట్సన్ పాత్ర స్త్రీ. నెమ్మదిగా ఆమె స్వయంగా పరిశోధకురాలవుతుంది. 2018లో జపాన్ వాళ్ళు హోమ్స్‌నే స్త్రీగా చేసి 'మిస్ షెర్లాక్' తీశారు. 'చార్లీ చోప్రా'లో హత్యానేరం మీద పడ్డ ప్రియుణ్ణి విడిపించడానికి బయల్దేరేది ఒక యువతి. మూల నవల్లోనూ అంతే. ఇవి సంతోషించదగినవే. అయితే డిటెక్టివ్‌కు చీర కట్టినంత మాత్రాన కథ మారదు. ఆ పరిశోధన ఎవరి కోసం జరుగుతోంది, తేలిన నిజం ఎవరి చేతికి వెళుతోంది అన్నది చూడాలి. ముందు చెప్పిన టైపిస్టు అమ్మాయి కథ చివర్లో హోమ్స్ నిజం కనిపెడతాడు, కానీ ఆమెకు చెప్పడు. చెప్పినా నమ్మదులే అనుకుంటాడు. ఆమె జీవితానికి సంబంధించిన నిజం ఆమెకు తప్ప మిగతా అందరికీ తెలుస్తుంది.

ఈ చివరి మాట మనల్ని పంజగుట్ట రోడ్డు మీదకు తీసుకొస్తుంది. మన నగరంలో ప్రైవేటు డిటెక్టివ్‌లు చేసే పనిలో హత్యలు, వజ్రాల దొంగతనాలు ఉండవు. పెళ్ళికి ముందు విచారణ, పెళ్ళి తర్వాత విచారణ, ఇవీ వాళ్ళ ప్రకటనల్లో కనిపించేవి. పిల్లవాడి జీతం, అప్పులు, అలవాట్లు తెలుసుకోవడానికి ఆడపిల్ల తల్లిదండ్రులు వాళ్ళ దగ్గరకు వెళ్ళే మాట నిజమే. అమెరికా సంబంధాల పేరుతో మోసపోయిన వాళ్ళ గోడు విన్న మనం దాన్ని తప్పు పట్టలేం. కానీ రెండో వైపు విచారణ అట్లాంటిది కాదు. అమ్మాయి హాస్టల్‌కు ఎన్నింటికి వచ్చింది, ఎవరి బండి దిగింది, ఫోన్లో ఎవరితో మాట్లాడుతోంది అన్నవి అక్కడి ప్రశ్నలు. వాచ్‌మన్, ఇస్త్రీ బండి అతను, ఎదురుగా ఉన్న టీ కొట్టు వాడు సాక్షులు. అమ్మాయికి తన మీద కేసు నడుస్తోందని కూడా తెలియదు. ఒక రోజు సంబంధం తప్పిపోతుంది. కారణం ఎవరూ చెప్పరు. ఇక్కడ నేరం ఏదీ జరగలేదు, ముద్దాయి మాత్రం ఉంది.

ఈ ఏజెన్సీలను నియంత్రించడానికి 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. భార్య ఆమె తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన ఫోను సంభాషణల్ని భర్త రహస్యంగా రికార్డు చేసి విడాకుల కేసులో పెట్టినప్పుడు, అది చట్టవిరుద్ధమనీ, భార్య అయినంత మాత్రాన ఆమె వ్యక్తిగత గోప్యత హక్కు పోదనీ అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2008 నాటి న్యాయ నివేదికల్లో ఆ తీర్పు ఉంది. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. కానీ 2025 జులైలో అదే సుప్రీంకోర్టు, భార్యాభర్తల మధ్య మాటల్ని ఒకరు రహస్యంగా రికార్డు చేసినా వివాహ వివాదాల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. హింసను రుజువు చేసుకోవడానికి ఇది స్త్రీలకు కూడా ఉపయోగపడుతుందనే వాదన ఉంది. అది కొట్టిపారేయదగిన వాదన కాదు. నాలుగు గోడల మధ్య జరిగే హింసకు వేరే సాక్షులెవరు? అయితే నిఘా పెట్టడానికి డబ్బు, సాధనాలు, ధైర్యం ఏ ఇంట్లో ఎవరి దగ్గర ఉంటాయో మనకు తెలుసు. ఈ తీర్పు మీద మన సంఘాల్లో ఇంకా లోతైన చర్చ జరగాలి.

పరిశోధన నిజంగా అవసరమైన చోట మాత్రం అది జరగదు. స్టవ్ పేలింది, కాలు జారింది, కడుపునొప్పి భరించలేక ఉరేసుకుంది అన్న మాటలు పంచనామాల్లో ఎన్నిసార్లు చదివాం! డిటెక్టివ్ కథ చదివిన పదేళ్ళ పిల్ల కూడా అడిగే ప్రశ్నలు అక్కడ ఎవరూ అడగరు. వంట చేస్తుంటే అంటుకున్న మంట వీపు మీద ఎందుకుంది? తలుపు గడియ ఎవరు తీశారు? అత్తగారి చేతులకు ఒక్క బొబ్బ కూడా ఎందుకు లేదు?

పరిశోధన చెయ్యకుండా కథ అల్లితే ఏమవుతుందో 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య చెబుతుంది. పోలీసులు ఒక పేద యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో శిక్ష పడింది. ఆ అబ్బాయి నేరస్తుడు కాడని చనిపోయిన అమ్మాయి తల్లే అంటూ వచ్చింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలిపెట్టింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. 2018లో మళ్ళీ దర్యాప్తుకు ఆదేశించారు. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర, అత్యాచారం, హత్య కేసులో నిందితులు నలుగుర్ని 'ఎన్‌కౌంటర్' చేసినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ పూలు చల్లిన చేతుల్లో ఆడవాళ్ళ చేతులూ ఉన్నాయి. తుపాకీతో ముగిసే కథలు చూసి చూసి, విచారణ అంటే కాలయాపన అనుకునే స్థితికి వచ్చాం. తుపాకీ పేలాక ఆ రోజు ఏం జరిగిందో కోర్టులో తేలే అవకాశం శాశ్వతంగా పోయింది. ఆ అమ్మాయికి న్యాయం జరిగిందో లేదో అడిగే దారి కూడా మూసుకుపోయింది.

మన నగరంలో నిజమైన అపరాధ పరిశోధన ఎవరు చేశారని అడిగితే మాకు గుర్తొచ్చేది యుగంధరో హోమ్సో కాదు. 1978లో నల్లకుంట పోలీసు స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం జరిగి, ఆమె భర్త చనిపోయినప్పుడు, విచారణంతా ఆమె శీలం చుట్టూ తిప్పారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పు పట్టినా, 1981లో రాయచూరు కోర్టులో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ కాలంలో పుట్టిన స్త్రీశక్తి సంఘటన వంటి సంఘాల స్త్రీలు వరకట్న చావులు జరిగిన ఇళ్ళకు వెళ్ళారు. పక్కింటి వాళ్ళతో, పనిమనుషులతో, పుట్టింటి వాళ్ళతో కూర్చుని మాట్లాడారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్ని నిజనిర్ధారణ కమిటీలు ఎన్ని తలుపులు తట్టాయో లెక్కలేదు. మిస్ మార్పుల్ కథల్లో చేసిన పనిని వీళ్ళు ఎండల్లో, బస్సుల్లో తిరిగి చేశారు. వీళ్ళ మీద సీరియల్ తియ్యాలన్న ఆలోచన ఏ స్టూడియోకీ ఇంతవరకు తట్టినట్టు లేదు.

కథలు రాసేవాళ్ళనూ తీసేవాళ్ళనూ మేం అడిగేది నిషేధాలు కాదు. చనిపోయిన స్త్రీని శవంగా కాక, జీవించిన మనిషిగా చూపించమంటున్నాం. నేరానికి కారణంగా ఆస్తినీ, కట్నాన్నీ, కులాన్నీ చూపించడానికి వెనకాడవద్దంటున్నాం. పోలీసు చెయ్యెత్తి కొడితే నిజం బయటపడుతుందనే అబద్ధాన్ని మానుకోమంటున్నాం.

కార్యకర్తలుగా మనం చెయ్యాల్సిందీ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా, మెజిస్ట్రేటు విచారణ జరగాలి. పాత చట్టంలోనూ ఈ నియమం ఉంది. అది కాగితం మీద మిగిలిపోకుండా చూడవలసింది మనమే. కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్న స్త్రీ వాంగ్మూలాన్ని మెజిస్ట్రేటు నమోదు చేసేలా, ఆ సమయంలో అత్తింటి వాళ్ళు గదిలో లేకుండా పట్టుబట్టాలి. ఇల్లు కడిగేయక ముందే ఫోటోలు తియ్యాలి. ఇరుగుపొరుగు చెప్పింది తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. ఒక మహిళ ఫోనునూ ఈమెయిల్‌నూ కనిపెట్టి చూడడం వెంటాడడం అనే నేరం కిందికి వస్తుందని 2013 నుంచీ చట్టంలో ఉంది. హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలకు ఈ విషయం తెలియాలి. వాళ్ళ వివరాలు ఎవరొచ్చి అడిగినా చెప్పకూడదని హాస్టల్ యజమానులకూ తెలియాలి.

హాస్టళ్ళలో, బస్తీల్లో అమ్మాయిలతో కలిసి ఒక డిటెక్టివ్ సిరీస్ చూసి మాట్లాడుకోవడం కూడా మంచి పని. ఉపన్యాసం కన్నా అది బాగా పనిచేస్తుంది. ఈ కథలో ఎవరి మాట విన్నారు, ఎవరి మాట వినలేదు, నిజం చివరికి ఎవరికి చెప్పారు అన్న మూడు ప్రశ్నలు వేస్తే చాలు, మిగతా చర్చ వాళ్ళే నడుపుతారు. అట్లాంటి చర్చలు మీ దగ్గర జరిగితే మాకు రాయండి. వచ్చే సంచికల్లో ప్రచురిస్తాం.